నేల విడిచి సాము

మీకేమర్రా, అన్నీ అరచేతిలోకి వచ్చేశాయి. ఏ కొండ మీద రాత్రి ఎన్ని సెంటీమీటర్ల మంచు పడిందో దుప్పట్లోంచి లేవకుండానే చూసేసుకుంటారు. దారి తెరిచారా, గాలి ఎటునుంచి, చక్రాలకు చైన్లు కావాలా, అంతా ఆ ఫోన్లోనే. మా రోజుల్లో తెల్లవారకముందే రేడియో దగ్గర కాపలా కాసేవాళ్ళం. అందులో ఒకాయన స్కీ మైదానాల పేర్లు వరసగా చదివి, తెరిచి ఉంది, మూసి ఉంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయేవాడు. సరిగ్గా మనక్కావలసిన పేరు వచ్చే వేళకి మీ అత్తయ్య మిక్సీ వేసేది. మౌంట్ హట్ పేరు వినపడకపోయినా పెద్ద నష్టం లేదులే. గాలి ఎక్కువై మూసేసే రోజులు ఎక్కువని దాన్ని ఊరంతా "మౌంట్ షట్" అనేది. ఇప్పటికీ అదే మాట.

ఆ పొయ్యిలో ఇంకో దుంగ వెయ్యి అబ్బాయ్. మాక్రోకార్పా కాకుండా మనూకా ముక్క వెయ్యి, అది నిలకడగా మండుతుంది. తలుపు గట్టిగా మూశావా? సరే, పొడి మంచు సంగతి అడిగావు కదూ. చెప్తాను. కానీ తిన్నగా అక్కడికే తీసుకుపోతానని ఆశపెట్టుకోకు.

నేను పుట్టింది రెంటచింతల దగ్గర. ఎండలకి పేరుమోసిన ఊరు. వేసవిలో 45 డిగ్రీలు దాటిందంటే పేపర్లో మా పేరే ముందు పడేది. అక్కడ మాకు తెలిసిన మంచు రెండు రకాలు. పుష్యమాసంలో తెల్లారగట్ల గడ్డి మీద కనిపించి, పళ్ళు తోముకునే లోపల మాయమయ్యేది ఒకటి. సోడా బండివాడి పెట్టెలో ఊక కప్పుకుని పడుకున్న ఐసుగడ్డ రెండోది. పావలా ఇస్తే సుత్తితో కొట్టి ఇంత ముక్క పెట్టేవాడు. ఇంటికి చేరేసరికి సగం కారిపోయేది, మిగతా సగానికి అన్నదమ్ములం కొట్టుకునేవాళ్ళం. అలాంటివాణ్ణి 1991 చివర్లో న్యూజీలాండ్ వాళ్ళు పెట్టిన పాయింట్ల పద్ధతి పుణ్యమా అని, 92లో తీసుకొచ్చి క్రైస్ట్‌చర్చ్‌లో దించారు.

చలిదేశమని తెలుసు. ఇంట్లో కూడా చలేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. కొత్తగా కట్టే ఇళ్ళ గోడల్లో, కప్పులో చలి ఆపే ఏర్పాటు ఉండాలని ఇక్కడ 1978లో గానీ రూలు రాలేదు. మాకు అద్దెకు దొరికింది అంతకు ముందు కట్టిన కొంప. జులైలో బయట ఎండలో నిలబడితే ఒంటికి హాయి, లోపలికొస్తే ఒణుకు. మీ అత్తయ్య స్వెట్టరు మీద చీర కట్టాలా, చీర మీద స్వెట్టరు వెయ్యాలా అని కొన్నాళ్ళు తేల్చుకోలేకపోయింది. పగలు ఎక్కడికెళ్ళినా "షీ విల్ బి రైట్", అంతా సర్దుకుంటుందిలే అని ఇక్కడివాళ్ళు భుజం తట్టేవారు. వాళ్ళు ఆగస్టులో కూడా నిక్కర్లే వేసుకునేవారు. వాళ్ళ మాట నమ్మేదెలా?

డబ్బు సంగతి చెప్తే నవ్వుతావు. ఒకటి, రెండు డాలర్ల నోట్లు పోయి నాణేలు వచ్చి అప్పటికి ఏడాదో ఏమో అయింది. పక్కింటి ముసలాయన మాత్రం ఇంకా పౌన్లు, షిల్లింగుల్లోనే లెక్క కట్టేవాడు, అవి పోయింది 1967లో అయినా సరే. మేం ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. మరి మేం చేసేదేమిటి? కాలీఫ్లవర్ పువ్వు చేత్తో పట్టుకుని, దాని ధరని పదిహేనుతో గుణించి, రూపాయల్లో గుండె బాదుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చేవాళ్ళం. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ ఏడాదే ఆగస్టు నెలాఖర్లో పడింది చూడు మంచు, కాంటర్‌బరీ మొత్తానికి గుర్తుండిపోయింది. అంతకు ముందు ఏడాది ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం బద్దలై, ఆ ధూళి పైకెక్కి లోకమంతా చల్లబడిందిలే. ఆ దెబ్బ ఇక్కడ గొర్రెల మీద పడింది. పదిలక్షల పైచిలుకు గొర్రెలు పోయాయి. గొర్రెపిల్లలు పుట్టే వేళ అది. మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్న పొలానికి సెలవు పెట్టి వెళ్ళి, వారం తర్వాత తిరిగొచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు, టీ కలిపి ముందు పెట్టారు. ఇక్కడివాళ్ళ మర్యాద అలాంటిది. మనవాళ్ళయితే గుమ్మంలోనే ఎన్ని పోయాయని అడిగేవాళ్ళం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మంచు అంటే నాకు అప్పట్లో ఆటవస్తువు కాదు. అది ఆటవస్తువని నమ్మినవాడు మా బావమరిది.

వాడు పెళ్ళికాకముందు మా ఇంట్లోనే ఉండేవాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఈ ఊరమ్మాయి అనెలీస్ కోబర్గర్ ఫ్రాన్సులో శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్ళి స్లాలంలో వెండి పతకం తెచ్చింది. దక్షిణార్ధగోళం మొత్తానికి శీతాకాల ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. వాళ్ళ తాత ఆస్కార్ కోబర్గర్ జర్మనీ నుంచి వచ్చి ఆర్థర్స్ పాస్ దగ్గర స్కీల దుకాణం పెట్టినవాడు. ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా ఆ అమ్మాయి మాటే. మళ్ళీ న్యూజీలాండ్‌కి శీతాకాల ఒలింపిక్స్‌లో పతకం రావడానికి 2018 దాకా పట్టింది, తెలుసా? మా వాడు ఇదంతా విని, ఆ పిల్ల చేసిందీ నేను చెయ్యలేందీ ఏముంది అన్నాడు. మూడు తరాలుగా మంచులో పుట్టి పెరిగినవాళ్ళతో తెనాలి కుర్రాడికి పోటీ! మీ అత్తయ్య తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది, "వాడికి కాలువలో ఈత వచ్చు కదా" అని. ఆ రెంటికీ సంబంధం ఏమిటో ఇన్నేళ్ళయినా ఆవిడ చెప్పలేదు.

గరాజ్ సేల్‌లో పదిహేను డాలర్లకి స్కీల జత కొన్నాడు. అప్పటి స్కీలు మీవాటిలా వెడల్పువి కావు. తిన్నగా, సన్నగా, మనిషి కంటే పొడుగ్గా ఉండేవి. నడుం దగ్గర వెడల్పు ఆరేడు సెంటీమీటర్లు. ఇప్పుడు పొడి మంచు కోసమని పది దాటినవి అమ్ముతున్నారు. మా వాడివి అటక మీదికెక్కక, గదిలో పట్టక, హాల్లో అడ్డంగా పడుకునేవి. వచ్చిన ప్రతివాడూ వాటిని దాటి సోఫా చేరాలి. సంక్రాంతికి వచ్చిన తెలుగువాళ్ళలో ఒక పెద్దాయన అవి చూసి, పడవ తెడ్లా అని అడిగాడు పాపం.

మౌంట్ హట్‌కి వారాంతాల్లో పోయి నేర్చుకున్నాడు. 1973 నుంచీ ఉన్న మైదానం అది, విల్లీ హూబర్ అనే ఆస్ట్రియా ఆయన కొండ మీద శీతాకాలమంతా ఒంటరిగా మకాంవేసి మంచు కొలిచి మరీ స్థలం ఖాయం చేశాడంటారు. అక్కడ రాత్రిపూట యంత్రాలు తిప్పి మంచుని చదును చేస్తారు. నేర్చుకునేవాడికి అదో పెద్ద వీలు. రెండు స్కీల ముందు కొసలూ దగ్గరికి తెచ్చి, వెనక మడమలు బయటికి తోస్తే వేగం తగ్గుతుంది. ఇంకా తోస్తే ఆగిపోతుంది. దాన్ని స్నోప్లౌ అనేవారు. ఇప్పుడు పిల్లలకి పిజ్జా అని చెప్తున్నారు, తిండి పేరు పెడితే గానీ ఎక్కదు కాబోలు మీకు. మా వాడికి ఆ ఒక్క విద్యా బాగా పట్టుబడింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, పొద్దున ఎక్కితే లిఫ్టు ఆపేదాకా దిగడు. నన్నూ ఒకటి రెండుసార్లు లాక్కెళ్ళాడు. నాకు జారడం వచ్చింది గానీ ఆగడం సరిగ్గా రాలేదు. ఎదురుగా మనిషో, గుట్టో, కాఫీ కొట్టో వస్తే తప్ప ఆగేవాణ్ణి కాదు.

నిద్రొస్తోందా? అసలు కథ ఇప్పుడే మొదలైంది.

మా ఆఫీసు ఆయన ఒకడు క్రేగీబర్న్ కొండల్లో ఒక స్కీ క్లబ్బులో సభ్యుడు. రెండు రాత్రులు ఉండేట్టు రమ్మని పిలిచాడు. క్లబ్బు మైదానం అంటే మీరనుకునే రిసార్టు కాదు. సభ్యులే సొంత చేతుల్తో కట్టుకున్న బస, సభ్యులే వండుకోవడం, గిన్నెలు తోముకోవడం, ఎండాకాలంలో వెళ్ళి కట్టెలు కొట్టడం, రేకులు బిగించడం. చదును చేసే యంత్రాలు ఉండవు, ఆకాశం ఎలా పోస్తే మంచు అలాగే ఉంటుంది. ఈ దేశంలో స్కీలు మొదలైంది ఈ పద్ధతిలోనే. 1893లో మార్మడ్యూక్ డిక్సన్ అనే ఆయన కుక్ పర్వతం ఎక్కబోతూ పొలంలో కోత మిషను చెక్కలతో స్కీలు చేసుకున్నాడని చెప్తారు. 1913లో బిల్ మీడ్, బెర్నార్డ్ డ్రేక్ అనే ఇద్దరు ఉత్తర దీవిలో రుయపెహు స్కీ క్లబ్బు పెట్టారు. క్వీన్స్‌టౌన్ దగ్గర కొరొనెట్ పీక్‌లో డబ్బు తీసుకుని జనాన్ని పైకి లాగడం 1947లో గానీ మొదలవలేదు. అంతవరకూ చాలాచోట్ల ఎక్కినవాడే జారాలి. ఎక్కే ఓపిక లేనివాడికి జారే హక్కు లేదు. మా నాన్నగారు చెరువుగట్టు మామిడిచెట్టు గురించి ఇదే మాట అనేవారు, ఆ కథ ఎత్తితే తెల్లారుతుంది, వద్దులే.

మేం బయల్దేరింది వరలక్ష్మీ వ్రతం మర్నాడు. ఇక్కడ శ్రావణమాసం నడిచలికాలంలో వస్తుంది కదా. కలశం దగ్గర హీటరు పెట్టుకుని పూజ చేసింది మీ అత్తయ్య. మిగిలిన బూరెలూ పులిహోరా డబ్బాల్లో సర్ది, "అక్కడేం పెడతారో ఏమో" అని ఇచ్చింది. నాకు మంచు ప్యాంటు లేదు. జీన్సు మీద వానకి వేసుకునే ప్లాస్టిక్కు ప్యాంటు, లోపల రెండు బనీన్లు, పైన స్వాన్‌డ్రై కోటు, తలకి మీ అత్తయ్య మఫ్లరు. ఫొటో ఉంది కానీ చూపించను.

డెబ్బై మూడో నంబరు రోడ్డు మీద పోర్టర్స్ పాస్ ఎక్కాం. ఎత్తు చూస్తే మన లంబసింగికి దగ్గర దగ్గరే, వెయ్యి మీటర్లకి అటూ ఇటూ. మనవాళ్ళు లంబసింగిలో గడ్డి మీద తెల్లగా కనిపిస్తే బస్సులేసుకుని వెళ్ళి ఫొటోలు దిగుతారు. ఇక్కడ అదే ఎత్తులో చక్రాలు జారి లోయలోకి చూస్తుంటాయి. రోడ్డు పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చైన్లు బిగించాం. బిగించే విధానం కాగితం మీద ఉంది, కాగితం ఇంట్లో ఉంది. దారే పోయే రైతు ఒకాయన కారాపి దిగి, ఒక్క మాట మాట్లాడకుండా బిగించి, టోపీ తాకి వెళ్ళిపోయాడు.

కారు దిగాక బస దాకా సామాను మోసుకుని నడవాలి. అక్కడ స్వాగతం చెప్పింది కీయాలు. కొండ చిలకలు, ఆకుపచ్చ రంగు, రెక్క కింద నారింజ. కారు వైపర్ల రబ్బరు పీకడం వాటికి కాలక్షేపం. గొర్రెల్ని పొడుస్తాయని ఒకప్పుడు వీటి తలకి వెల కట్టారు. దాదాపు వందేళ్ళు సాగింది ఆ బేరం. లక్షన్నరకి పైగా చంపారని అంచనా. 1970లో బహుమానం ఆపి, 1986లో పూర్తి రక్షణ ఇచ్చారు. మనుషులు పశ్చాత్తాపపడ్డారేమో గానీ అవి మాత్రం ఏదీ మర్చిపోలేదు. మా వాడు డబ్బా మూత తీసి ఒక బూరె నోట్లో పెట్టుకోబోతుంటే రెయిలింగు మీంచి ఒకటి నడుచుకుంటూ వచ్చింది. ఎగిరి కాదు, నింపాదిగా నడిచే వచ్చింది. చేతిలోది లాక్కుని, పూర్ణం తిని, తోపు కింద పడేసింది. వాటికి పెట్టకూడదని తర్వాత మాకు చీవాట్లు పడ్డాయి. మేం పెట్టామా?

రాత్రి వంటింట్లో మా బావమరిదికి బంగాళాదుంపల తొక్క తీసే పని పడింది, నాకు గిన్నెలు. వంట చూసుకునేది ఒక పెద్దావిడ. డెబ్బై ఏళ్ళకి దగ్గరగా ఉంటుంది, మోచేతుల దగ్గర మాసికలు వేసిన ఉన్ని స్వెట్టరు. మా వాడు ఆవిడ ముందు కూడా తన స్కీల పరాక్రమం అంతా చెప్పుకున్నాడు. ఆవిడ ఓపిగ్గా విని, "తొక్క మరీ మందంగా తీస్తున్నావు నాయనా" అంది. బూరెలు అందరికీ పంచాం. ఒకాయన అది దేంతో చేస్తారని అడిగితే పప్పూ బెల్లమూ అన్నాం. పప్పుతో మిఠాయేమిటని ఆశ్చర్యపోయాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఇంకోటి ఉందా అని మెల్లిగా అడిగాడు.

రాత్రంతా దక్షిణం గాలి. ఆ గాలి లెక్క మీరు తెలుసుకోవాలి. వాయవ్యం నుంచి వస్తే పడమటి తీరంలో తడంతా కురిపించేసి, కొండలు దాటి ఇటు వేడిగా దిగుతుంది. మంచుని చెడగొడుతుంది. దక్షిణం నుంచి వస్తే చలిని వెంటబెట్టుకొస్తుంది. క్రేగీబర్న్ కొండలు పెద్ద శ్రేణికి తూర్పున ఉండటంతో, అక్కడ పడే మంచు సముద్రం పక్క కొండల మీది దానికంటే పొడిగా ఉంటుంది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి కదా. అదే లీటరు డబ్బా నిండా అప్పుడే పడ్డ పొడి మంచు పోస్తే 50 నుంచి 100 గ్రాములు తూగుతుంది. మిగతాదంతా గాలే. అందులో నిలబడాలి నువ్వు.

తెల్లారేసరికి తొడల్లోతు. ధన్ ధన్ మని పెద్ద చప్పుళ్ళు. మా వాడు దీపావళా అన్నాడు. కొండ మీద గస్తీ కాసే స్కీ పెట్రోల్ వాళ్ళు పొద్దున్నే పైన బాంబులు పేల్చి, విరిగిపడే మంచు ఏదైనా ఉంటే మనుషులు లేనప్పుడే దింపేస్తున్నారు. వాలు 30 డిగ్రీలు దాటిందంటే కొత్తమంచుని నమ్మకూడదు. దాని కింద చిక్కినవాళ్ళలో చాలామంది, తాము గానీ తమవాళ్ళు గానీ కదిలించిన మంచులోనే చిక్కుతారు. పెద్దావిడ మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి, ఎడం పక్క ఆ గాడిలోకి దిగొద్దు, తాడు కట్టిన చోటు దాటొద్దు అని పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నువ్వూ విను. ఇది మాత్రం నవ్వులాటకి చెప్పడం లేదు.

అక్కడ కుర్చీ లిఫ్టులు లేవు. కొండ మీదికి ఒక తాడు ఆగకుండా పరిగెడుతూ ఉంటుంది. నీ నడుముకో వెడల్పాటి బెల్టు, దానికి వేలాడే ఇనప పట్టకారు. పేరు నట్‌క్రాకర్. ఒక చేత్తో తాడు పట్టుకుని దాని వేగం అందుకోవాలి, రెండో చేత్తో పట్టకారు తాడు మీదికి తిప్పి బిగించాలి. చేతి తొడుగుల మీద మళ్ళీ తోలు తొడుగులు, లేకపోతే తాడు ఒక్కపూటలో వాటిని నమిలేస్తుంది. దారి పొడుగునా గిలకలు. పట్టకారు వాటి మీద టకటకమంటూ పోతుంది. ఆ సమయంలో వేళ్ళు తాడు మీద ఉంటే ఏమవుతుందో ఊహించుకో. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదని దణ్ణం పెట్టుకుని బిగించాను. మా వాడు మొదట తాడు పట్టుకున్నప్పుడు చేతులు ముందుకెళ్ళాయి గానీ మనిషి వెళ్ళలేదు. ఎలాగో పైకి చేరాం. చేరేసరికి చేతులు రెండూ నావి కావు.

పైనుంచి చూస్తే ఒక్క మడత లేకుండా తెల్లగా కింద దాకా పరుచుకుని ఉంది. దూరపు కొండలు నునుపు అంటారు కానీ, నేను నిలబడ్డ కొండే అంత నున్నగా ఉంటే ఏమనాలి? మా బావమరిది, "బావా, చూస్తూ ఉండు" అని దూకాడు.

ఏముంది, వాడికొచ్చిన విద్య చేశాడు. కొసలు దగ్గరికి, మడమలు బయటికి. గట్టిమంచు మీద అయితే అంచులు గీరుకుని వేగం తగ్గేది. ఇక్కడ గీరుకోవడానికి కింద నేలేది? రెండు కాళ్ళూ రెండు దారులు పట్టాయి. ఒక స్కీ లోపలికి మునిగింది. భయపడి ఆ కాలి మీదే బరువు వేశాడు, ఇంకా మునిగింది. తల ముందు, కాళ్ళు వెనక, తర్వాత అసలు మనిషే కనపడలేదు. కొంచెం సేపటికి మఫ్లరు, దాని కింద ముక్కు పైకొచ్చాయి. లేద్దామని కర్ర పొడిస్తే కర్ర పిడి దాకా దిగిపోయింది, చెయ్యి భుజం దాకా. మా ఊరి రైసుమిల్లు వెనక ఊక కుప్పలోకి చిన్నప్పుడు దూకి, బయటికి రాలేక ఏడ్చేవాళ్ళం చూడు, అచ్చం అదే అవస్థ.

పెద్దావిడ వచ్చింది మా వెనకే. మునగలేదు, తడబడలేదు. వాడి పక్కన ఆగి, రెండు కర్రలూ అడ్డదిడ్డంగా మంచు మీద పరిచి, వాటి కూడలిలో చెయ్యి ఆన్చి లేవమంది. లేచాడు. తర్వాత నా వైపు తిరిగి చెప్పింది. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టు, బరువు రెంటి మీదా సమంగా ఉంచు. వెనక్కి కూర్చోకు, ముందుకి వాలకు. అన్నిటికంటే ముందు, ఆగాలని చూడకు. వేగమే నిన్ను పైకి తేలుస్తుంది, బ్రేకు వేశావా మునుగుతావు. ఎక్కువ వేగమనిపిస్తే మంచే పట్టుకుంటుంది నిన్ను, దానికి వదిలెయ్యి.

నాకు ఎలాగూ ఆగడం రాదని చెప్పాను కదా. ఆవిడ చెప్పినవాటిలో కష్టమైనది నేను పుట్టుకతోనే సాధించి ఉన్నాను!

కదిలాను. మొదట పాదాలు మాయమయ్యాయి, తర్వాత మోకాళ్ళు. స్కీలు ఎక్కడున్నాయో కంటికి తెలియదు, కాళ్ళకే తెలియాలి. మౌంట్ హట్‌లో ఎప్పుడూ వినే ఆ బరబర గీతల చప్పుడు లేదు. కాలికి దెబ్బ తగలదు, గతుకు తెలియదు. పొట్ట మీదికి, ఛాతీ మీదికి మంచు వచ్చి విడిపోతోంది. భయపడి బిగుసుకుంటే కొంచెం దిగాను, మోకాళ్ళు వంచి వదిలేస్తే మళ్ళీ పైకి తేలాను. ఓహో, ఇదా లెక్క అని ఇంకోసారి వంచాను. అనుకోకుండా కొంచెం పక్కకి తిరిగాను కూడా. నేల విడిచి సాము చెయ్యకురా అని మా నాన్నగారు నన్ను జీవితమంతా తిట్టారు. ఆ పూట చేసిందల్లా అదే. పైగా ఆ సాముకి ఏ ఖర్చూ లేదు, పడితే దెబ్బా లేదు. గట్టిగా నవ్వుతున్నానని నా చెవికి వినపడ్డాక గానీ నాకు తెలియలేదు. నవ్వే నోట్లోకి మంచు పోయింది.

తర్వాత పడ్డానా అంటే పడ్డానులే. తొడలు మండిపోయి వెనక్కి కూర్చున్నాను, కూర్చోగానే అదుపు పోయింది. పడ్డాక ఏది పైనో ఏది కిందో అర్థం కాలేదు. మెడలోంచి, చెవుల్లోంచి, ప్లాస్టిక్కు ప్యాంటు నడుంలోంచి మంచు లోపలికి. పుట్టినప్పట్నుంచీ రెంటచింతల ఎండ దాచుకున్న ఒళ్ళు ఆ ఒక్క నిమిషంలో మొత్తం ఖాళీ చేసింది. లేవడానికి పావుగంట పట్టింది. లేచి వెనక్కి తిరిగి నా జాడ చూసుకున్నాను. వంకరటింకరగా, మధ్యలో పెద్ద గుంటతో, కానీ నాదే.

మా వాడి పరిస్థితి వేరు. వాడికి వచ్చిన విద్య వాడి కాళ్ళు వదల్లేదు. బ్రేకు వెయ్యకురా అంటే సరే అంటాడు, వాలు చూడగానే మడమలు బయటికి పోతాయి. వాడి తప్పు కాదులే, అన్ని వారాంతాలు కష్టపడి నేర్చుకున్నది ఒక్క పొద్దులో ఎలా మర్చిపోతాడు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మంచు సరిగ్గా చదును చెయ్యలేదని అన్నాడు. పెద్దావిడ ఆకాశం వైపు చూపించి, అక్కడ అడగమంది.

మధ్యాహ్నం ఒక పెద్ద పాటు పడ్డాడు. కాలు మెలిపడకుండా బైండింగు విడిపోయి ఒక స్కీ ఊడింది. మంచిదే, అది దాని పని. కానీ ఊడిన స్కీ కనపడలేదు. పొడి మంచులో ఊడిన స్కీ పైన జారదు, లోపల్లోపలే పోయి దాక్కుంటుంది. తెలిసినవాళ్ళు అందుకే మడమ దగ్గర పొడుగాటి రంగు రిబ్బను కట్టుకుంటారు. మా వాడు తాను లేచిన చోట కుక్కలా తవ్వేశాడు. "పడ్డ చోట వెతుకు నాయనా, లేచిన చోట కాదు" అని ఆవిడ పైకి చూపించింది. నిజమే, ఊడిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది ఎక్కువసార్లు. మనిషి దొర్లుకుంటూ కిందికి వస్తాడు కదా. అందరం వరసగా నిలబడి కర్రలతో పొడుచుకుంటూ పోయాం. బూరె తిన్నాయన కూడా వచ్చాడు. పొద్దు వాలేదాకా వెతికాం. దొరకలేదు.

ఒంటి కాలితో బస చేరాడు. ఆ రాత్రి బంగాళాదుంపల తొక్క చాలా పల్చగా తీశాడని పెద్దావిడ మెచ్చుకుంది.

మర్నాడు ఎండ వచ్చి, వాయవ్యం గాలి తిరిగింది. నేను మళ్ళీ ఆ ఆనందం కోసం ఆశగా ఎక్కాను. పైన అప్పడంలా పెళుసు పొర, కింద తడి. అడుగు పెడితే విరుగుతుంది, తిప్పితే తిరగదు. పొడి మంచు ఇక్కడ ఒక పూట చుట్టం. ఉన్నప్పుడు చూసుకోవాలి, మర్నాటికి దాచుకుందామంటే ఉండదు. ఏడాదంతా ఎదురుచూసి ఆఫీసుకి ఒంట్లో బాగాలేదని ఫోను చేసేవాళ్ళు ఇక్కడ ఇంతమంది ఎందుకున్నారో అప్పుడు నాకు తెలిసింది. మంచు పడ్డ సోమవారం మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. మేనేజరు ఏమీ అనేవాడు కాదు. ఆయన కుర్చీ కూడా ఖాళీయే.

ఇంటికొచ్చాక ఒంటి స్కీని ఏం చెయ్యాలో తెలియలేదు. పారేద్దామంటే మా వాడు ఒప్పుకోడు, పదిహేను డాలర్లు పెట్టాడు కదా, దాన్ని మళ్ళీ పదిహేనుతో గుణించాడు. చివరికి మీ అత్తయ్య అక్టోబరులో పెరట్లో బీన్సు విత్తనాలు నాటుతూ, తీగ పాకడానికి కర్ర కావాలని దాన్ని పాతేసింది. డిసెంబరులో క్లబ్బువాళ్ళు కొండ మీద పనులు చేసుకోవడానికి వెళ్తే, మంచు కరిగిన రాళ్ళ మధ్య రెండో స్కీ దొరికింది. ఎక్కడనుకున్నావు? ఆవిడ చూపించిన చోటికి నాలుగడుగుల పైన. మా ఆఫీసాయన కారు మీద కట్టుకుని తెచ్చి ఇచ్చాడు. అప్పటికి మా వాడు కొత్త జత కొనేసుకున్నాడు, ఈసారి రిబ్బన్లతో సహా. మీ అత్తయ్య దాన్ని కూడా తీసుకుపోయి మొదటిదానికి ఎదురుగా పాతి, మధ్యలో పురికొసలు కట్టింది. ఆ ఏడాది బీన్సు విరగకాశాయి. ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగిళ్ళకీ పంచగా మిగిలినవి బస్తాలో కట్టి, పెద్దావిడకి కూడా పంపించింది.